ప్లస్ టూ తర్వాత ఒక ఏడాది పర్యావరణానికి: చెన్నైలో గ్యాప్ ఇయర్‌ను ఎలా ప్లాన్ చేసుకోవాలి

మన ఇళ్లలో ప్లస్ టూ తర్వాత ఒక ఏడాది ఆగడం కొత్త సంగతేమీ కాదు. లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో పిల్లలు ఏడాదంతా హాస్టల్లో కూర్చుంటే దాన్ని ఎవరూ వృథా అనరు. అదే ఏడాది చెరువుల వెంట, సముద్రతీరం వెంట తిరిగి పర్యావరణం గురించి నేర్చుకుంటానంటే మాత్రం నలుగురూ ఏమనుకుంటారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ ప్రశ్నకు వాదనతో సమాధానం చెప్పడం కష్టం. నెలల వారీగా రాసిన ప్లానును ఇంట్లోవాళ్ల ముందు పెట్టడం తేలిక. చెన్నైలో ఉంటూ ప్లస్ టూ ముగిస్తున్న తెలుగు విద్యార్థులు అటువంటి ప్లాను ఎలా రాసుకోవాలో ఇక్కడ వివరిస్తాను. పది సంస్థల్లో పదేసి రోజులు పనిచేసి పది సర్టిఫికెట్లు పోగు చేసుకోవడం కంటే, ఒకే చోటును ఎంచుకుని ఎండలోనూ వానలోనూ దాన్ని గమనించడం వల్ల మీకు ఎక్కువ తెలుస్తుందన్నది నా అభిప్రాయం. మిగతా సలహాలన్నీ దానిమీదే ఆధారపడి ఉంటాయి.

ముందు సీటు సంగతి తేల్చుకోండి

ఏడాది తర్వాత ఏ కోర్సులో చేరాలనుకుంటున్నారో ఇప్పుడే రాసి పెట్టుకుని, దానికి గ్యాప్ అడ్డమవుతుందేమో చూడండి. జేఈఈ మెయిన్‌ను ప్లస్ టూ పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు రాయవచ్చు, కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లలో రెండు ప్రయత్నాలే ఉంటాయి. అంటే ఐఐటీ మీద ఆశ ఉన్నవారికి ఈ ఏడాదితో ఆ అవకాశం పూర్తవుతుంది. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. తమిళనాడులో ఇంజనీరింగ్ సీట్లను ప్లస్ టూ మార్కులతోనే కేటాయిస్తారు కాబట్టి ఆ దారిలో వెళ్లేవారికి మళ్లీ పరీక్ష బెడద ఉండదు. ఆంధ్ర, తెలంగాణ కాలేజీల వైపు చూస్తున్నవారు స్థానికత నిబంధనలను వేరుగా చదువుకోవాలి. అటవీశాస్త్రం చదవాలనుకునేవారు మేట్టుపాళయంలోని అటవీ కళాశాలను, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలను ఒకసారి వెళ్లి చూసి రావడం మంచిది.

సీటు ఇప్పుడే వచ్చి ఉంటే, ఏడాది వాయిదా వేసుకునే వీలుందా అని ఆ విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. విదేశాల్లో ఈ పద్ధతి సాధారణమే అయినా, మన దగ్గర చాలా కాలేజీలు ఒప్పుకోవు. తర్వాత చేరేటప్పుడు మధ్యలో ఏం చేశారని అడుగుతూ, స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన గ్యాప్ అఫిడవిట్ తెమ్మనే కాలేజీలు చాలానే ఉన్నాయి. స్కూలు నుంచి టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, మార్కుల జాబితా ఇప్పుడే తెచ్చుకుని ఫైల్లో పెట్టండి. ఏడాది తర్వాత వాటికోసం ఆఫీసు చుట్టూ తిరగడం ఎవరికీ సరదా కాదు.

ఒక చోటును ఎంచుకోండి

ఇంటి నుంచి బస్సులోనో లోకల్ రైల్లోనో గంటన్నరలో చేరుకోగలిగే చోటు అయితేనే ఏడాది పొడవునా వెళ్లగలుగుతారు. లేకపోతే అది ఆరంభశూరత్వంగా మిగిలిపోతుంది. చెన్నైలో ఎంచుకోదగ్గ చోట్లు చాలా ఉన్నాయి. వాటిలో నాలుగింటిని చెబుతాను.

దక్షిణాన ఉన్నవారికి పళ్లికరణై చిత్తడి నేల అన్నింటికంటే దగ్గర. 2022లో దీనికి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే గుర్తింపు, వచ్చింది. దాదాపు 1,248 హెక్టార్లు ఆ గుర్తింపు కింద ఉన్నాయి. దాన్ని ఆనుకునే పెరుంగుడి చెత్త దిబ్బ ఉంది, ఐటీ కారిడార్ ఉంది, అపార్టుమెంట్లు ఉన్నాయి. ఒక నగరం తన చిత్తడి నేలను ఎలా తినేస్తుందో చూడాలంటే వేళచ్చేరి స్టేషన్లో దిగితే చాలు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: పర్యావరణం అనగానే మొక్కలు నాటే కార్యక్రమం గుర్తుకొచ్చే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది. చిత్తడి నేలకు చెట్లు అక్కర్లేదు. దానికి కావలసింది నీళ్లు వచ్చిపోయే దారి. అక్కడ మొక్కలు నాటుదాం రమ్మని ఎవరైనా పిలిస్తే, ఎందుకని అడగండి.

ఉత్తరాన ఉన్నవారికి ఎణ్ణూరు. కొసస్థలై నది సముద్రంలో కలిసే ఆ ముఖద్వారం చుట్టూ థర్మల్ విద్యుత్ కేంద్రాలు, ఓడరేవులు, చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వాటి మధ్యనే ఇప్పటికీ చేతులతో రొయ్యలు పట్టుకునే మత్స్యకారుల ఊళ్లు ఉన్నాయి. 2017 జనవరిలో రెండు ఓడలు ఢీకొన్నప్పుడు తీరానికి చేరిన చమురును జనం బకెట్లతో ఎత్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో పాటు చమురు మళ్లీ నదిలోకి వచ్చింది. బొగ్గు బూడిద నదిలోకి చేరడం గురించి అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. ఈ చోటు ఎంచుకుంటే మీ పనిలో సగం వినడమే అవుతుంది. వాళ్ల నాన్నల కాలంలో ఏ చేప ఏ నెలలో పడేదో, ఇప్పుడు ఏది పడటం లేదో అడిగి రాసుకోవడం ఒక ఏడాది పనికి సరిపోతుంది.

మూడోది పులికాట్ సరస్సు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది, ఎక్కువ భాగం ఆంధ్ర వైపే ఉంటుంది. చెన్నై నుంచి గుమ్మిడిపూండి మీదుగా సూళ్లూరుపేట దాకా లోకల్ రైలు వెళుతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు, పక్కనే నేలపట్టులో గూళ్లు కట్టుకునే గూడబాతులు కనిపిస్తాయి. దూరం ఎక్కువ కాబట్టి వారం వారం కాకుండా నెలకు రెండుసార్లు అనుకోండి.

నాలుగోది నాకు అన్నింటికంటే ఇష్టమైనది. ఒకచోట కూర్చుని చేసేది కాదు, నీళ్ల వెంట నడిచేది. మన కుళాయిల్లో వచ్చే నీళ్లలో కొంత కృష్ణా నీరు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటాల్లోంచి ఐదేసి టీఎంసీలు చెన్నైకి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాల మధ్య తెలుగు గంగ ఒప్పందం కుదిరింది. 1996లో నీళ్లు వచ్చాయి. శ్రీశైలం నుంచి సోమశిల, అక్కడి నుంచి కండలేరు, అక్కడి నుంచి కాలువలో ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండి జలాశయం, తర్వాత పుళల్, చివరికి మీ వీధిలోని కుళాయి. ఈ దారిని ముక్కలు ముక్కలుగా వెళ్లి చూసి, దారి పొడవునా ఎవరు ఎంత తోడుకుంటున్నారో, వేసవిలో కాలువ ఎలా ఉంటుందో నమోదు చేస్తే, చేతిలో ఒక మంచి నివేదిక ఉంటుంది. సరిహద్దుకు రెండు వైపులా తెలుగు మాట్లాడే ఊళ్లే ఉన్నాయి కాబట్టి ఈ పని మీకు మిగతావారికంటే సులువు.

భాష గురించి చెప్పుకుంటున్నాం కాబట్టి ఇంకొకటి. చెన్నైలో వీధులు ఊడ్చి చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. చెత్త మీద పని చేయాలనుకుంటే, తడి పొడి వేరుచేయడం గురించి పోస్టర్లు గీయడానికి ముందు, మీ వీధికి వచ్చే అక్కతోనో అన్నతోనో తెలుగులో పలకరించి, ఏది చేతులు కోస్తుందో, ఏది ఎక్కడికి పోతుందో అడగండి. పనివేళల్లో కాదు, వాళ్లకు తీరిక ఉన్నప్పుడు. అనుమతి లేకుండా ఫోటోలు తీయవద్దు.

ఇంటి దగ్గరే ఒక కొలత మొదలుపెట్టండి

బయటి చోటు ఏదైనా సరే, దానితో పాటు ఇంటి దగ్గర క్రమం తప్పకుండా చేసే ఒక చిన్న పని ఉండాలి. నా సలహా వాన, బావి. ఈ రెండింటికీ ఖర్చు దాదాపు ఉండదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైగా చెన్నైలో వీటికి ఉన్నంత విలువ మరి దేనికీ లేదు. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం నుంచి వదిలిన నీళ్లతో అడయారు పొంగి ఇళ్లు మునిగాయి. 2019 వేసవిలో అదే చెంబరంబాక్కంతో సహా నగరానికి నీళ్లిచ్చే జలాశయాలు దాదాపు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించవలసి వచ్చింది.

వాన కొలవడానికి అడుగు సమతలంగా, గోడలు నిటారుగా ఉండే గాజు సీసా ఒకటి చాలు. మేడ మీద నీళ్ల ట్యాంకుకు, పిట్టగోడకు దూరంగా, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, పారబోసి మళ్లీ పెట్టండి. వాతావరణ శాఖ కూడా ఎనిమిదిన్నరకే కొలుస్తుంది కాబట్టి మీ అంకెను నుంగంబాక్కం వాతావరణ కేంద్రం అంకెతో పోల్చుకోవచ్చు. వంద చదరపు మీటర్ల మేడ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. ఈ లెక్క మీ ఫ్లాట్ అసోసియేషన్ మీటింగులో చెప్పి చూడండి.

బావికి పొడవాటి టేపు, దాని చివర కట్టడానికి ఒక బరువు కావాలి. ఒర మీద పెయింటుతో ఒక గుర్తు పెట్టి, ఎప్పుడూ ఆ గుర్తు నుంచే కొలవండి. వారానికి ఒకసారి, అదే రోజు, తెల్లవారి మోటారు వేయకముందే కొలవాలి. మోటారు వేసిన తర్వాత కొలిస్తే మీరు చూసేది భూగర్భజలం కాదు, వాచ్‌మన్ ఎంతసేపు స్విచ్ ఆపకుండా వదిలేశాడన్నది. తమిళనాడులో ఇంటింటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు 2003 నాటికే తప్పనిసరి అయింది. మీ భవనంలో ఆ పైపు నిజంగా బావిలోకి వెళుతోందా, లేక నేరుగా రోడ్డు మీదకు పోతోందా అన్నది మొదటి పెద్ద వానలో గొడుగు వేసుకుని నిలబడి చూడవలసిన విషయం. మెట్రో వాటర్ సంస్థ జలాశయాల మట్టాలను రోజూ ప్రకటిస్తుంది. వాటిని కూడా అదే పుస్తకంలో పక్క వరుసలో రాసుకోండి. పూండి సామర్థ్యం 3,231 మిలియన్ ఘనపుటడుగులు, చెంబరంబాక్కం 3,645. నవంబరు నాటికి ఆ అంకెలు మీకు పరీక్ష మార్కుల్లా నోటికి వస్తాయి.

సంస్థలను ఎలా అడగాలి

ఒంటరిగా ఏడాది లాగడం కష్టం, కాబట్టి ఒకటి రెండు సంస్థలతో కలవండి. తాబేళ్ల కోసం 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్న స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ ఉంది. పక్షులు, ప్రకృతి పరిశీలన కోసం 1978లో మొదలైన మద్రాస్ నాచురలిస్ట్స్ సొసైటీ, చెట్ల కోసం నిళల్, చెరువుల పునరుద్ధరణకు ఎన్విరాన్‌మెంటలిస్ట్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, సరీసృపాల మీద ఆసక్తి ఉంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో 1976లో నెలకొల్పిన మొసళ్ల బ్యాంకు, సాగు, తీరప్రాంతాల మీద పరిశోధనకు తరమణిలోని ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ ఉన్నాయి.

ఉత్తరం రాసేటప్పుడు ప్రకృతి అంటే మీకెంత ప్రేమో రాయకండి; అటువంటి ఉత్తరాలు వాళ్లకు రోజూ వస్తాయి. దానికి బదులు ఇలా రాయండి: మీ వయసు, ఉండే ప్రాంతం, ఏ నెల నుంచి ఏ నెల దాకా వారంలో ఏ రోజులు రాగలరు, తమిళం చదవడం రాయడం వచ్చా, తెలుగు వచ్చా, స్ప్రెడ్‌షీట్‌లో అంకెలు ఎక్కించగలరా, ఈత వచ్చా, ఇంట్లో అనుమతి ఉందా. చివరగా ఏ చిన్న పని చెప్పినా చేస్తానని కాకుండా, ఫలానా పని చేయగలనని ఒకటి చెప్పండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే ప్యాకేజీలు కనిపిస్తే, ఆ డబ్బు దేనికి ఖర్చవుతుందో అడగండి. తిండికి, బసకు అయితే సరే, జవాబు నీళ్లు నమిలినట్టుంటే వదిలేయండి.

నెలల లెక్క

జూన్, జూలై నెలలు మ్యాపులు చదవడానికి, తమిళం చదవడం నేర్చుకోవడానికి, పక్షులను, చెట్లను గుర్తుపట్టడం అలవాటు చేసుకోవడానికి సరిపోతాయి. అక్టోబరు వచ్చేలోపు మీరు ఎంచుకున్న చోటును పొడిగా ఉన్నప్పుడు చూసి, కాలువ ఎక్కడ మూసుకుపోయిందో, తూము ఎక్కడుందో ఫోటోలతో సహా నమోదు చేసి ఉండాలి. అలా చేయకపోతే వానల్లో నీళ్లు ఎందుకు నిలిచాయో మీకు అర్థం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. అసలు పాఠం అప్పుడే.

జనవరిలో సంక్రాంతి రోజుల్లో పొంగల్ పక్షుల గణన, ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా నాలుగు రోజుల పెరటి పక్షుల గణన జరుగుతాయి. మీ లెక్కలను ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే శాస్త్రవేత్తలకు కూడా పనికొస్తాయి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. పైన చెప్పిన విద్యార్థుల తాబేళ్ల నెట్‌వర్క్ వాళ్లు నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా సుమారు ఏడు కిలోమీటర్లు రాత్రిపూట నడుస్తారు. తల్లి తాబేలు వెళ్లిపోయినా, అది పాకిన జాడ ట్రాక్టరు చక్రం ఆనవాలులా ఇసుక మీద ఉంటుంది. సముద్రం నుంచి పైకి వచ్చిన జాడ, తిరిగి వెళ్లిన జాడ కలిసే చోట ఇసుక కెలికినట్టుంటుంది. అనుభవమున్నవాళ్లు అక్కడ సన్నని కడ్డీతో మెల్లగా గుచ్చుతూ, ఇసుక వదులుగా తగిలిన చోట చేత్తో తవ్వుతారు. వందకు అటూ ఇటూగా గుడ్లు ఉంటాయి. వాటిని సంచిలో పెట్టి హ్యాచరీకి తీసుకెళ్లి, అంతే లోతు గొయ్యిలో పూడుస్తారు. నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలల లోపు పిల్లలు బయటికొస్తాయి. పిల్లలు వెలుతురు ఉన్న వైపు పాకుతాయి కాబట్టి వీధి దీపాలున్న తీరంలో అవి సముద్రానికి బదులు రోడ్డు వైపు వెళతాయి. హ్యాచరీ అవసరం ఇక్కడ అందుకే. ఇదంతా అటవీ శాఖ అనుమతితో జరిగే పని. ఆలివ్ రిడ్లీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి మీకు మీరుగా గుడ్లను తాకడం నేరం. చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లు కూడా కనిపిస్తాయి. 2025 జనవరిలో ఈ తీరంలో వందల సంఖ్యలో కనిపించాయి. వాటిని లెక్కించడం కూడా ఈ పనిలో భాగమే, అందుకు మనసును సిద్ధం చేసుకుని వెళ్లండి.

ఒక చిక్కు ఉంది. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో, రెండో విడత ఏప్రిల్లో, నీట్ మేలో ఉంటాయి. రాత్రంతా ఇసుకలో నడిచి పగలు లెక్కలు చేయడం ఎవరివల్లా కాదు. పరీక్ష రాసేవారు తాబేళ్ల నడకను ఫిబ్రవరికి వాయిదా వేసుకుని, అది కూడా వారానికి ఒక రాత్రికి పరిమితం చేసుకోవాలి. ఈ మాట ప్లానులో ముందే రాసి ఉంటే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

కాగితాలు కూడా చదవండి

కాళ్లకు మట్టి అంటితేనే పర్యావరణమని అనుకోవద్దు. నదుల తలరాత చాలావరకు కాగితాల మీదే రాస్తారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, దానికి కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. తిరువళ్లూరు, చెంగల్పట్టు జిల్లాల్లో అటువంటిది జరుగుతుంటే వెళ్లి వెనక కూర్చుని, ఎవరు ఏం అడిగారో, ఏ జవాబు వచ్చిందో రాసుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత సూటిగా వస్తుంది: చెరువును ఎందుకు శుభ్రం చేయలేదని అడిగితే ఏమీ రాదు, ఫలానా చెరువు పూడికతీతకు ఫలానా ఏడాది ఎంత మంజూరైందని అడిగితే అంకె వస్తుంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనం చేపాక్‌లోని కలస్ మహల్లో ఉంది. ఆంధ్ర, తెలంగాణ కేసులు కూడా అక్కడికే వస్తాయి. మీ చోటుకు సంబంధించిన కేసు ఉంటే ఆ ఉత్తర్వులు తెచ్చుకుని చదవండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది.

డబ్బు, భద్రత

ఇంట్లోనే ఉంటే పెద్ద ఖర్చు రైలు సీజన్ టికెట్, బస్సు చార్జీలు, ఒక మాదిరి బైనాక్యులర్. మిగతావి అరువు తెచ్చుకోవచ్చు. పద్దెనిమిది నిండనివారు ప్రతి సంస్థకూ తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం ఇవ్వాలి, రాత్రి పనికి వెళ్లినప్పుడు బృందంలో ఉండే పెద్దవారి నంబరు ఇంట్లో ఉంచాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోండి. వరద నీళ్లలోకి దిగవద్దు. కరెంటు ప్రమాదం ఒకటి, దానితో పాటు ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ చెన్నైలో వానాకాలపు జబ్బు. పాము కనిపిస్తే పట్టుకునే సాహసం చేయకుండా అటవీ శాఖకు ఫోన్ చేయండి.

చివరి రెండు నెలలు

ఏప్రిల్ నుంచి కొత్త పనులు పెట్టుకోకండి. నోటు పుస్తకంలో ఉన్నదాన్ని రెండు రూపాల్లోకి మార్చండి: ఒకటి అంకెల పట్టిక, రెండోది పది పేజీల లోపు నివేదిక. ఆ నివేదికను మీతో మాట్లాడినవాళ్లకు అర్థమయ్యే భాషలో, తమిళంలోనో తెలుగులోనో, ముందుగా వాళ్లకే ఇచ్చి తప్పులు చెప్పమనండి. వాళ్లు వద్దన్న పేర్లు, మాటలు తీసేయండి. తర్వాత వార్డు కౌన్సిలర్‌కు, అసోసియేషన్‌కు, మీరు పనిచేసిన సంస్థకు ఒక్కో కాపీ ఇవ్వండి. కాలేజీ ఇంటర్వ్యూలో ఏడాది ఏం చేశావని అడిగితే అనుభూతుల గురించి చెప్పకుండా, బావి మట్టం గ్రాఫు తీసి చూపించి, నవంబరులో ఏ వాన తర్వాత ఎన్ని అడుగులు పెరిగిందో, ఎందుకు అంతే పెరిగిందో చెప్పండి. కాలేజీ మొదలవకముందే ఆ కొలత కొనసాగించేవారెవరో నిర్ణయించి, పక్క ఫ్లాట్లోని పదో తరగతి పిల్లలకైనా సరే, రెండు వారాలు పక్కన నిలబడి నేర్పి టేపు అప్పగించండి.